సముద్రం పడింది

స్కూబా డైవింగ్ పడవలో నేను వాంతి చేసుకోకూడదు. పెళ్లయి ఆరు నెలలే అయింది. వచ్చే నెల హైదరాబాదులో ఉద్యోగంలో చేరాలి. కొత్త కోడలు కక్కిందని అల్లవరంలో మా అత్తయ్యగారి చెవిన పడితే, నెల తప్పిందని ఖాయం చేసేస్తారు. ఇక నన్ను గడప దాటనివ్వరు.

అందుకే అండమాన్‌లో పడవెక్కే ముందు మాత్ర మింగాను. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, దూరంగా ఆకాశం అంచునే చూస్తూ కూర్చున్నాను. నీళ్లలో దిగి చేపల్ని చూసి పైకొచ్చినా నా కడుపు కదల్లేదు. మా ఆయన మధుబాబు మాత్రం నా మాత్రల్ని చూసి నవ్వి, కడుపునిండా పూరీలు తిని ఎక్కాడు. మాస్కు పెట్టుకోకముందే రెయిలింగు పట్టుకుని వంగిపోయాడు.

ఇంటికి రాగానే అత్తయ్యగారు అరుగు మీదే పట్టుకున్నారు.

"సముద్రం పడిందామ్మా? వాంతులేవన్నా అయ్యేయా?"

"ఒక్కటి కూడా లేదండీ," అన్నాను గర్వంగా.

"ఇది గుండ్రాయిలా కూర్చుందమ్మా. కక్కి కక్కి చచ్చింది నేనే," అన్నాడు మధుబాబు.

అత్తయ్యగారు చేతిలో చేట కింద పెట్టేశారు. దగ్గరకు తీసుకున్నది కొడుకుని కాదు, నన్ను.

"మా ఇంట్లో అంతేనమ్మా. వీడు కడుపులో ఉన్నప్పుడు నేను శుభ్రంగా తిని తిరిగేను. వేవిళ్లన్నీ మీ మావయ్యగారికే వచ్చేయి. ఉద్యోగం సంగతి కాన్పయ్యేక చూద్దాంలే."

"ఆయ్, నిజమేనమ్మా," అన్నారు మావయ్యగారు లోపల్నుంచి. "మూడు నెలలు నాకు మంచినీళ్లు కూడా ఇమడలేదు."