గుట్ట మీద కందకాలు

"గుట్ట మీద ఎవరో తవ్వుతాండారు" అని భార్య చౌడేశ్వరి చెప్పగానే లక్ష్మీపతి చెప్పులు తొడుక్కున్నాడు.

కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో గుట్టలు తవ్వేది ఒక్కందుకే. గుప్తనిధి.

అరవై దాటిన మనిషి ఒకడు ఎండలో గడ్డపారతో అడ్డంగా కందకం తీస్తున్నాడు. మెడలో జపమాల ఉంది.

"ఎవురప్పా నువ్వు?"

"రాయప్ప అంటారన్నా. కింద చర్చి అరుగు మీద ఉంటాండా."

"ఈడ ఏం వెతుకుతాండావు?"

"నీళ్ళు."

లక్ష్మీపతి నవ్వాడు. ఏడు బోర్లు వేస్తే ఆరు ఎండిపోయిన తోట ఆయనది. ఏడోది నీళ్ళకంటే గాలే ఎక్కువ కక్కుతోంది.

"వాన పడినేది పడినట్టే వంకలోకి ఉరుకుతాండాది" అన్నాడు రాయప్ప. "అడ్డం తవ్వితే ఆగుతాది. ఆగితే దిగుతాది."

"ఎవురు పంపినారు? గవర్నమెంటోళ్ళా?"

"ఎవురూ పంపలా."

"మరి కూలి?"

"ఫాదరు రెండు పూటలా అన్నం పెడతాడు. చాలు."

కూలి లేకుండా రాళ్ళగుట్ట తవ్వే మనిషి మీద లక్ష్మీపతికి నమ్మకం కుదరలేదు.

రాయప్ప మాత్రం రోజూ తెల్లవారకముందే గుట్టెక్కేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని తాకి, సిలువ గుర్తు వేసుకుని పని మొదలుపెట్టేవాడు. తవ్విపోసిన మట్టికట్టల మీద కానుగ విత్తనాలు నాటేవాడు.

"గుడికి పోయి మొక్కుకోవచ్చు గదా, ఈ రాళ్ళకెందుకు మొక్కుతావు?" అని ఒకరోజు చౌడేశ్వరి అడిగింది.

"ఇది ఆయన చేసిన నేల తల్లీ. దీన్ని పాడు జేసి, ఆడికి పోయి దండం పెడితే ఆయన తీసుకుంటాడా?"

ఆమెకు ఆ మాట నచ్చింది. ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది.

"దొంగలంతా దేవుని మాటలే చెప్తారు" అన్నాడు లక్ష్మీపతి.

ఆయన దిగులు ఆయనది. మూడెకరాల చీనీచెట్లు, అంటే బత్తాయి తోటంతా, ఆకులు ముడుచుకుంటున్నాయి. ట్యాంకర్లతో పోసిన నీళ్ళు వేళ్ళు తడవకముందే ఆవిరైపోతున్నాయి.

"దసరా దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే గొడ్డలి పెట్టిస్తా" అన్నాడు.

శ్రావణంలో ఊళ్ళో పుకారు పుట్టింది. ముసలాయనకు గుట్ట మీద రాగి బిందె దొరికిందట.

లక్ష్మీపతి నలుగురిని వెంటబెట్టుకుని గుట్టెక్కాడు.

"బిందె యాడ పెట్టినావు?"

"బిందె లేదు ఏం లేదన్నా. రాళ్ళే."

రాయప్ప సంచి కుమ్మరించారు. ఒక జత బట్టలు, మందుబిళ్ళలు, గుప్పెడు విత్తనాలు పడ్డాయి.

అయినా లక్ష్మీపతికి కోపం తగ్గలేదు. "రేపు ఈడ కనపడితే పోలీసులకు పట్టిస్తా. పో."

"ఇంగ మూడు వరసలే ఉండాయి. అవి తీసి నేనే పోతా."

"పొమ్మంటే అర్థం గాలేదా?"

రాయప్ప వంగి విత్తనాలు ఏరుకున్నాడు.

"పోతాలే అన్నా. తవ్వినవి మాత్రం పూడ్చగాకండి."

మర్నాటికి చర్చి అరుగు ఖాళీ అయింది. కందకాలు పూడ్పించాలనే అనుకున్నాడు లక్ష్మీపతి. కూలీలు దొరకలేదు.

దసరా వచ్చింది, పోయింది. గొడ్డలి పట్టేవాళ్ళను సోమవారం రమ్మన్నాడు.

శనివారం మధ్యాహ్నం వాన మొదలైంది. రెండు గంటలు ఆగకుండా కురిసింది.

ఎప్పుడైనా అంత వానకు వంక ఎర్రగా పొంగి, సాయంత్రానికల్లా ఇసుక తేలేది. ఈసారి వంకలో చుక్క పారలేదు.

అనుమానంతో లక్ష్మీపతి గుట్టెక్కాడు. పైనుంచి కిందిదాకా, వరస తర్వాత వరస, కందకాల నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి.

చెట్లు కొట్టేవాళ్ళకు ఫోను చేసి, ఇప్పుడే రావద్దన్నాడు.

ఎనిమిదో రోజు చౌడేశ్వరి తోటలోంచి పరుగున వచ్చింది.

"బాయిలో నీళ్ళూరినాయి, వచ్చి చూడు."

పన్నెండేళ్ళుగా ముళ్ళకంప తప్ప ఏమీ లేని బావి అది. ఇప్పుడు మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఇంకో వారానికి నిలువెత్తయ్యాయి. మోటారు వేస్తే ఏడో బోరు పైపు నిండా పోసింది. చీనీకొమ్మలకు లేత చిగురు కనిపించింది.

లక్ష్మీపతి బావి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి మోసిన మూట ఎవరో దించినట్టు భుజాలు తేలికయ్యాయి. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాడు.

తర్వాత లేచి చర్చికి నడిచాడు.

"ఫాదర్, రాయప్ప యాడుండాడు? నాది తప్పయింది. పిల్చుకపోదామని వచ్చినా."

ఫాదర్ ఇన్నయ్య ఆయన్ను కూర్చోమన్నాడు.

"మొన్న మంగళవారం ఆస్పత్రిలో పోయినాడప్పా. ఈడికి వచ్చేటప్పటికే గుండె బాగలేదు."

లక్ష్మీపతి తల వంచుకున్నాడు.

"నీళ్ళు వచ్చినట్టు ఆయనకు తెలీకనే పోయినాడా?"

"తెలుసు. నీ బాయి ఊరిందని నేనే ఫోను చేసి చెప్పినా. రెండు మార్లు చెప్పించుకున్నాడు. ఇంగ నిద్ర పడుతుంది ఫాదర్ అన్నాడు."

లక్ష్మీపతి కండువా తీశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరు ఫాదర్ ఆయన? ఇన్ని గుట్టలుండగా మా గుట్టకే ఎందుకొచ్చినాడు?"

ఫాదర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"పాపసంకీర్తనంలో, తప్పులు ఒప్పుకునేటప్పుడు, విన్నది నేను చెప్పగూడదు. ఇది మాత్రం ఈ అరుగు మీద కూర్చుని చెప్పినాడు, ఎవరైనా అడిగితే చెప్పమన్నాడు" అంటూ గుట్ట వైపు చూశాడు. "ఇరవై ఏండ్లుగా ఈ ఊరి నేలలో దించిన బోర్లన్నీ, నీ తోటలోవి కూడా, రాయప్ప మనుషులను పెట్టి తిప్పిన రిగ్గు లారీలు దించినవేనప్పా."