అటు తిరిగిన తేలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: గిటార్లు చేసే నాన్న, వాటికి మెరుగు పెట్టే అమ్మ, ఇద్దరికీ కావలసినవి అందించే అమ్మాయి, చేయించుకున్న గిటార్ తీసుకెళ్ళడానికి వచ్చిన సైన్సు మాస్టారు.

మాస్టారు గిటార్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. దాని గుండ్రటి రంధ్రం చుట్టూ ముత్యపు చిప్ప ముక్కలతో పొదిగిన నక్షత్రాలు, వాటిలో తేలు ఆకారపు వృశ్చికరాశి. ఆయన కూతురు పుట్టిన రాత్రి ఆకాశం అది.

"తేలు తోక అటు తిరిగిందేమిటండీ?" అన్నాడు చివరికి. "నేనిచ్చిన బొమ్మలో ఇటుంది. ఆకాశం మొత్తం అద్దంలో చూసినట్టుంది. దీని కింద పుట్టింది మా పిల్ల కాదు."

అమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మీ బొమ్మని కాగితం మీదకి ఎక్కించింది మా అమ్మాయి," అన్నాడు నాన్న నీరసంగా. "తిరగేసి గీసుంటుంది."

ఈ గిటార్ మాస్టారికి నచ్చితే పనిగదిలోకి రానిస్తానని నాన్న అమ్మాయికి మాటిచ్చాడు. ఐదు నెలలుగా ఆ గదిలోకి అమ్మ తప్ప ఎవరూ వెళ్ళలేదు.

"సరిగ్గానే గీశాను నాన్నా. నువ్వు చెప్పినట్టే దళసరి కాగితం తీసుకుని, ఒక్కో చుక్క దగ్గరా సూదితో గుచ్చాను."

"నువ్వూరుకోవే," అంది అమ్మ. మాస్టారికి మంచినీళ్ళు తెస్తానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఇప్పుడేం చేద్దామండీ?" అన్నాడు మాస్టారు.

"పీకితే చెక్క చీలిపోతుంది. మళ్ళీ మొదటినుంచీ చేస్తాను. ఇక మా అమ్మాయి నా పని ముట్టుకోదు."

మాస్టారు మళ్ళీ గిటార్ మీదకి వంగాడు. అమ్మాయి చప్పుడు కాకుండా లేచి, పనిగది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు కిర్రుమంది.

కాగితం బల్ల మీదే ఉంది, బోర్లా. సూది దిగిన చోటల్లా వెనకవైపు పొక్కులా లేచింది. ఆ పొక్కులన్నీ తడిమి తడిమి వేళ్ళ జిడ్డుతో నల్లబడ్డాయి. తిప్పి చూసింది. గీత సరిగ్గానే ఉంది. తేలు తోక ఇటే.

చూపిద్దామని వెనక్కి తిరిగేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముందుగదిలోంచి ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది. కాగితాన్ని ఆయన కళ్ళ ముందు ఎత్తి పట్టుకుంది.

నాన్న ఆమె వైపే చూస్తూ, తలుపు ఎక్కడుందో చేత్తో తడుముకున్నాడు.

"తలుపు గాలికి తెరుచుకున్నట్టుంది," అన్నాడు వంటింట్లో ఉన్న అమ్మతో. "అమ్మాయి పెరట్లో కూర్చుని ఏడుస్తోందేమో, చూసిరా."

తలుపు వేశాడు.