ఇంటికి వెళ్లే మెసేజ్

కాలేజీ ఆరోగ్య కేంద్రంలో ఇప్పుడు డాక్టరు లేరు, యంత్రం ఉంది. వేలిముద్ర వేస్తే మందు ఇస్తుంది. ఏ మందు ఇచ్చిందో వెంటనే తండ్రి ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది.

మూడో ఏడాది చదువుతున్న తన్వితకు గర్భనిరోధక మాత్రలు కావాలి. తండ్రికి తెలిస్తే చదువు మాన్పిస్తాడు. పక్కగది అమ్మాయిని అలాగే తీసుకుపోయారు.

"నువ్వొక్కదానివే తీసుకుంటే దొరుకుతవే. హాస్టలంతా తీసుకుంటే ఎవర్నని మాన్పిస్తరు?" అంది రూమ్మేట్ రమీజా.

"మెసేజ్ పోతే మీ అబ్బా ఊకుంటడా?" అంది తన్విత.

"తిడ్తడు. అటెండెన్స్ తక్కువని పోయే మెసేజ్‌కు రోజూ తిడ్తనే ఉన్నడుగా!"

మర్నాడు టిఫిన్ మానేసి అమ్మాయిలంతా అవే మాత్రల కోసం యంత్రం ముందు వరుస కట్టారు. మధ్యాహ్నం దాకా తండ్రుల కాల్స్‌తో వార్డెన్ ఫోన్ మోగుతూనే ఉంది. తర్వాత తన్వితకు తండ్రి ఫోన్ చేశాడు.

"ఏందమ్మా, అందరు తీసుకున్నరంట? నువ్వు గూడ ఊకెనే తీసుకున్నవ్ గదా?"

అవునంటే సరిపోయేది. కానీ మాత్రలు వచ్చే నెలా కావాలి. ప్రతి నెలా హాస్టలంతా వరుస కట్టదు.

"లేదు నాన్నా. నాకు అవసరముండి తీసుకున్న."

"రేపొస్తున్న. సామాన్లు సదురుకో."

"రా నాన్నా. నేను క్లాసుల ఉంటా. అయిపోయేదాంక బయట కూసో, మాట్లాడుకుందాం. సామాన్లు మాత్రం సదుర."