జిన్సెంగ్ తోటకు కాపలా

"ఆరేళ్లు పెంచిన ఖరీదైన జిన్సెంగ్ వేర్లు, బామ్మర్దీ! తవ్వే ముందు దొంగలు పడితే కొంప కొల్లేరే. అలారం తీగలు మెలేసి టేపు చుట్టెయ్, చాలు," అన్నాడు గ్వాంగ్‌డోక్. ఏడాదిగా కంచె దగ్గర రాత్రీ పగలూ ఇదే రగడ.

"తడిస్తే ఊడుతుంది బావా. టంకం పెట్టాలి," అన్నాడు చంగ్‌బే.

"గాలికి ఊగితే నీ టంకం విరగదూ?"

"ముందు పాత అతుకు కోస్తున్నా. తీగ తెగితే అలారం ఊరంతా లేపుతుంది, చెవులు మూసుకో!"

కోశాడు. చీమ చిటుక్కుమనలేదు.

గ్వాంగ్‌డోక్ భార్య మల్సున్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ అలారం ప్లగ్గు నేను పీకి ఏడాదైంది. కిమ్చీ పచ్చడి పెట్టే ఫ్రిజ్‌కి కావాల్సొచ్చింది."

గ్వాంగ్‌డోక్ ఆమె వైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్లూ తోట కాసిందెవరే?"

"ఇంకెవరు? మీరిద్దరూ ఇక్కడ ఇలా అరుచుకుంటుంటే ఏ దొంగొస్తాడయ్యా?"

గ్వాంగ్‌డోక్ తెగిన తీగను పక్కన పడేశాడు.

"బామ్మర్దీ, రాత్రికి దుప్పటి తెచ్చుకో. టంకం ఎందుకు దండగో తెల్లవార్లూ చెబుతా."