రీమ్ పక్కన సీటు

"గుర్రం ఉన్నదా, పోయిందా?"

గేటు బయట నిలబడి అడిగాడు ముసలాయన. మోకాలికి గుడ్డ చుట్టి ఉంది. చేతిలో సంచి. హైవే మీద బస్సు దిగి ఎండలో నడిచొచ్చాడేమో, చొక్కా అంతా చెమట.

లోపల జిలాని గేటు గడియ తియ్యబోయి ఆగాడు.

అనుకున్నంతా అయింది. వచ్చేశాడు!

జిలానిది కడప. మస్కట్ దాటాక వచ్చే ఈ బర్కా గుర్రపుశాలలో ఎనిమిదేళ్లుగా లద్దె ఎత్తుతున్నాడు. ఎత్తీ ఎత్తీ నడుం ఎప్పుడో పోయింది. ఈమధ్య నిద్ర లేచేసరికే అలసిపోయి ఉంటున్నాడు.

ఈ సాయంత్రం రీమ్ అనే ఆడగుర్రం మెల్‌బోర్న్ వెళ్తోంది. అక్కడి పెద్ద పందేలన్నీ వసంతంలోనే. వసంతమంటే మన ఉగాది వేళ అనుకునేరు! వాళ్ల వసంతం అక్టోబరు, నవంబరు. వెళ్లగానే పరుగెత్తనివ్వరు, ముందు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఈ విమానం తప్పితే పందెం తప్పినట్టే. వచ్చే ఏడు చూద్దామంటే రీమ్‌కి వయసు మీరుతుంది. పందెపు గుర్రం పరుగెత్తే కాలం ఎంతని!

రీమ్ వెంట ఒక్క మనిషికే సీటు. పందేలయ్యాక రీమ్ అక్కడే ఫారంలో ఉండిపోతుంది. వెంట వెళ్లినవాడికి కూడా అక్కడే ఉద్యోగం. ఓనర్ మాటిచ్చాడు.

జిలాని ప్రాణమంతా ఆ సీటు మీదే ఉంది. కానీ మేనేజర్ గంగాధరం ఎవరి పేరూ బయటపెట్టలేదు. "ముందు గుర్రం ఎయిర్‌పోర్టు బండి ఎక్కనీ, అప్పుడు చెప్త" అన్నాడు.

పైగా నిన్న ఫోన్లో ఎవరితోనో అంటుంటే జిలాని చెవిన పడింది.

"మీరు రావాలె భాయ్. మీరు రాకుంటే రీమ్ బండి ఎక్కదు. పేపర్లు తయారున్నయ్."

ఇంకేముంది, సీటు ఆ వచ్చేవాడికేనని అనుమానం పెనుభూతమైంది. రాత్రంతా కన్ను మూతపడలేదు.

"ఎవురు కావల్ల చాచా?" అన్నాడిప్పుడు, గేటు తియ్యకుండానే.

"నన్ను ఖమరుద్దీన్ అంటరు బేటా. మాది మలక్‌పేట. రీమ్‌ను పిల్లప్పటి సంది నేనే సాకిన. మోకాలు విరిగినంక పని ఇడిసిపెట్టి మస్కట్ల మత్రా బజార్ల అత్తరు దుకాణంల కూసుంటున్న. గంగాధరం రమ్మన్నడు."

"రీమ్ పోయినాది చాచా. విమానం ముందుకు జరిపినారు. పొద్దున్నే బండి వచ్చినాది."

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని జిలానికి అప్పటిదాకా తెలియదు. ఈయన లేకున్నా రీమ్‌ని తనే ఎక్కించగలనని ధీమా.

"నాకు చెప్పనే లేదే! గంగాధరం ఏడీ?"

"ఆయన కూడా బండెంబడి పోయినాడు." గంగాధరం వెనక ఆఫీసులోనే ఉన్నాడు.

"ఫోన్ చేసిండేమో. నా ఫోను దారిలనే సచ్చిపాయె." చార్జి అయిపోయిన ఫోన్ చూపించాడు. చార్జర్ ఉందా అని అడగబోయాడు కూడా. జిలాని ముఖం తిప్పుకున్నాడు.

"మరి ఎక్కిందా? బండంటే దానికి శాన భయం."

"బెల్లం చూపిస్తే ఎక్కినాది."

"దానెంబడి ఎవరు పోయిన్రు?"



"జిలాని అని, కడపాయన."

"మరి నువ్వు?"

"నేను వాచ్‌మన్‌ని."

ముసలాయన గోడ నీడన కూలబడ్డాడు. టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు.

పాపం అనిపించింది జిలానికి. లోపలికెళ్లి నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. అంతకు మించి జాలిపడితే తన పిల్లల నోట్లో మట్టి కొట్టినట్టే.

"సరే బేటా, మంచిగ చేరితే అంతే చాలు." ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. కుంటుకుంటూ బస్సు రోడ్డు వైపు నడిచాడు.

సాయంత్రం బండి వచ్చింది.

రీమ్ ఎక్కలేదు.

బెల్లం చూపించారు. ఖర్జూరాలు చూపించారు. కళ్లకు గంతలు కట్టారు. ర్యాంపు మీద గిట్ట తగలగానే వణికిపోయి వెనక్కి గుంజుతోంది. పగ్గం ఒరుసుకుని జిలాని అరచేయి చీరుకుపోయింది.

"ఎక్కు తల్లీ. నీ కాళ్లు మొక్కుతా, ఎక్కు!"

రోజూ అతని చేతి మేత తినే గుర్రమే. ఈ ఒక్కటీ వినలేదు.

గంగాధరం గేటు దాకా పోయి వచ్చాడు. "ఖమర్ భాయ్ ఇంక రాలేదేంది? ఫోన్ సూడబోతే స్విచాఫ్!"

జిలాని పగ్గం మళ్లీ గుంజాడు.

డ్రైవర్ ఎంతసేపని చూస్తాడు! "ఖలాస్. ఇక విమానం అందదు" అని ఖాళీ బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

గంగాధరం ఓనర్‌కి ఫోన్ చేసి, తిట్లు తిని, గట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరిలోనూ ఓపిక లేదు.

"పోనీండి సార్," అన్నాడు జిలాని. "ఆయనొచ్చినా నాకేం ఒరిగేది? సీటు ఆయనదే కదా."

"ఆయనదెట్లయితదిరా? పేపర్లల్ల పేరు నీదే."

"నాదా?"

"ఓనర్ ముందుగాల ఆయన్నే పొమ్మన్నడు. ఒప్పుకోలే. నీ ముఖం గూడ సూడలేదు, నీ పని గురించి నేను చెప్తే విన్నడంతే. 'నేను ముసలోన్నయిన, ఆ కడప పిల్లగాన్ని పంపున్రి, నేనొచ్చి వాని చేతికి పగ్గమిచ్చి, ఇద్దరం కల్సి ఎక్కిస్తం' అని ఓనర్ కాళ్లా వేళ్లా పడి నీకు సీటిప్పించిందే ఆ ముసలాయనరా."