ప్రిసిల్లా మొక్క

"ఆ చెట్టు తియ్యకు బిడ్డా."

గడ్డపార ఎత్తిన ఝాన్సీలక్ష్మి ఆగింది. పక్కింటి దేవమ్మ ప్రహరీగోడ మీద మోచేతులు ఆన్చి చూస్తోంది. తిరుమలగిరిలో ఈ పాత ఇల్లు కొనుక్కుని ఝాన్సీ, భర్త సత్యదేవ్ దిగి నాలుగు రోజులే అయింది.

"కారు పెట్టుకోవడానికి చోటు లేదండీ. సిమెంటు చేయిద్దామనుకుంటున్నాం."

"ఇంక యాడనన్న చేయించుకో."

మొక్క మోకాలెత్తు కూడా లేదు. వెంట్రుకంత సన్నటి కాడలు. ఉల్లిపొర లాంటి తెల్లటి రేకులు, ఊపిరి తగిలినా వణుకుతున్నాయి. అంత సుకుమారమైన పువ్వును ఝాన్సీ ఎక్కడా చూడలేదు.

"ఇదేం మొక్కండీ? నర్సరీవాళ్లకి ఫొటో పంపితే తెలీదన్నారు."

"ప్రిసిల్లా."

"మనిషి పేరులా ఉందే."

"మనిషి పేరే. మీకంటె ముందు ఈ ఇంట్ల ఉండె. ఒకనాడు పొద్దుగాల నీళ్లు పోస్తానికి గీ జాగలకొచ్చింది. చెంబు ఈడనే ఉన్నది, పిల్ల లేదు. వాళ్లమ్మ వాకిట్ల నిలవడి ప్రిసిల్లా, ప్రిసిల్లా అని మొత్తుకుంటుంటే పువ్వులన్నీ ఆమె దిక్కు తిరిగినయ్. నా కండ్లతోని చూసిన. గప్పటిసంది దీని పేరు గదే."

"అంతకుముందు పేరు లేదా?"

దేవమ్మ గోడ మీంచి వంగి మొక్క వైపు చూసింది.

"ఎలీనా అంటుంటిమి."

"ఆ అమ్మాయి ఎవరు?"

"ప్రిసిల్లా కంటె ముందు ఈ ఇంట్ల ఉండె. ఆమె సుత గిట్లనే."

ఝాన్సీ గడ్డపార కింద పెట్టి, మొక్క ముందు గొంతుక్కూర్చుంది.

"ప్రిసిల్లా."

ఒక్క రేకూ కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. పువ్వులు గేటు వైపే చూస్తున్నాయి.

"చూశారా? అప్పుడేదో గాలి వీచి ఉంటుంది." ఝాన్సీ ఊపిరి పీల్చుకుని లేచింది.

దేవమ్మ ముఖం మాత్రం తేటపడలేదు. గోడను రెండు చేతులా పట్టుకుంది.

"నేను రోజూ పొద్దున పిలిచి చూస్త బిడ్డా. నిన్నటిదాంక తిరిగింది."

లోపలి నుంచి సత్యదేవ్ గొంతు వినిపించింది. "ఝాన్సీ, కాఫీ చల్లారిపోతోంది."

ఆమె పలికేలోగా, పువ్వులన్నీ గుమ్మం వైపు తిరిగాయి.