జానెడు కొస

మహేశ్ చాయ గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

"భూమి బల్లపరుపుగనే ఉంటది" అన్నాడు బల్ల చివర కూర్చున్న ముసలాయన.

మహేశ్ పట్టించుకోలేదు. ఆ పొద్దున్నే అతని రెండు మరమగ్గాలను విప్పి తుక్కు బండికి ఎక్కించారు. తండ్రి కొన్న మగ్గాలవి. ఖాళీ షెడ్డులో నిలబడలేక మానేరు వంతెన దిక్కు నడిచాడు. అక్కడి నుంచి మళ్లీ ఇంటికి రావాలని అతను అనుకోలేదు. దారిలో శంకరవ్వ హోటల్ కనిపిస్తే, ఆఖరిసారి ఒక చాయ తాగుదామని ఆగాడు.

"నిన్నే పిలగా. గుండ్రమని చెప్పేటోళ్లు పోయి చూసి వచ్చిండ్రా?"

"గుండ్రమే. బడికి పోయే పోరగాండ్లకు గూడ ఎర్కే."

"గుండ్రమైతే బొంబాయి దిక్కు భీవండి పోయినోడు కిందికి జారాలె గద. నేను ఏండ్ల సంది ఆడ్నే ఉన్న. జారలె."

"నీ తలకాయ. భీవండి పోతే జారుతరా?"

"మరి ఏడికి పోతే జారుతరు? దుబాయా?"

గ్లాసులు కడుగుతున్న శంకరవ్వ నవ్వింది. మహేశ్‌కు కోపం వచ్చింది. మళ్లీ కూర్చున్నాడు. దూరం నుంచి వచ్చే ఓడకు ముందు జెండానే కనిపిస్తుందని, తర్వాత ఓడ కనిపిస్తుందని చెప్పాడు.

"నువ్వు చూసినవా ఓడను?"

"చూడలె."

"నేను బొంబాయిల చూసిన. మొత్తం ఒక్కపారే కనవడ్డది."

వాదం ముదిరింది. పొద్దు వాలింది. మహేశ్ ఇంకేదో అనబోతుంటే ముసలాయన కండువా దులుపుకొని లేచాడు.

"దీనికి జవాబు రేపు చెప్పు. నేను గీడనే ఉంట."

"చెప్త. నీ నోరు మూయిస్త."

మహేశ్ గొణుక్కుంటూ నడిచాడు. తాను వంతెన దిక్కు పోలేదని ఇంటి గడప ఎక్కాక గానీ అతనికి తోచలేదు.

మరునాడు కూతురి రబ్బరు బంతి తెచ్చాడు.

"గిది భూమి అనుకో."

ముసలాయన బంతి మీద గ్లాసెడు నీళ్లు పోశాడు. నీళ్లు జారి మహేశ్ చెప్పుల మీద పడ్డాయి.

"మరి మానేరు నీళ్లు గిట్ల ఎందుకు జారిపోతలేవు?"

హోటల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

మహేశ్ ఇంటికి పోయి అదే సంగతి భార్యను అడిగాడు. బీడీలు చుడుతున్న కల్యాణి తడిసిన చెప్పులను చూసింది, తర్వాత అతని మొహం చూసింది. చాలా రోజుల తర్వాత అతను ఆమెను ఒక మాట అడిగాడు.

"భూమి అన్నిటిని తన దిక్కు గుంజుకుంటది బాపు" అంది కూతురు నవ్య.

మర్నాడు ఆ మాట ముసలాయనకు అప్పజెప్పాడు.

"గుంజుతదా? మరి తాడేది?"

"నీ అసొంటోనికి చెప్పుడు నాదే తప్పు తాతా."

"అయితే రేపు రావా?"

"ఎందుకు రాను?"

అలా రోజులు గడిచాయి. ముసలాయన పేరు కనకయ్య అనీ, భీవండి నుంచి వచ్చాడనీ, షెడ్లలో పోగులు అతుకుతాడనీ తెలిసింది. మగ్గం మీద నూలు అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపే పని అది. అంతకు మించి అతని గురించి మహేశ్ అడగలేదు.

"ఎప్పుడు చూసినా మధ్యలనే లేస్తవేంది? ఓడిపోతనని భయమా?" అన్నాడు మహేశ్ ఒక సాయంత్రం.

"మా పనిల అలవాటు. పాత నూలు మొత్తం గుంజెయ్యం. జానెడు కొస మగ్గంలనే ఉంచుతం. గది ఉంటెనే కొత్తది అతుకుతది."

"మాటలు గూడ అతుకుతవా?"

"అతికినంత దాక అతుకుత."

ఒక రోజు కనకయ్యే చెప్పాడు.

"మీ గల్లీల షెడ్డుకు మనిషి కావాల్నట. పొద్దుగాల పని చెయ్యి. మాపటికి వచ్చి నాతోని కొట్లాడు."

సొంత షెడ్డు ఉన్న గల్లీలోనే మరొకరి మగ్గాల దగ్గర కూలికి నిలబడటం మహేశ్‌కు కష్టంగానే ఉండింది. అయినా నిలబడ్డాడు. తర్వాత ఆర్డరు ఎక్కువై, కొన్నాళ్లు హోటల్ దిక్కు పోలేకపోయాడు.

అంతలో చంద్రగ్రహణం వచ్చింది. నవ్య అతని చెయ్యి పట్టుకొని వాకిట్లోకి తీసుకుపోయి చూపించింది. చంద్రుడి మీద భూమి నీడ. దాని అంచు గుండ్రంగా ఉంది.

ముసలాయన ఇక దొరికాడనుకున్నాడు మహేశ్. మరుసటి సాయంత్రం పని దిగి నేరుగా హోటల్‌కు వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది.

"తాత ఏడి అవ్వా? ఇయ్యాల తప్పించుకోలేడు."

శంకరవ్వ తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచింది.

"పోయిండు కొడుకా. మొన్న మంగళారం. దమ్ము ఎక్కువై ఊపిరి ఆడలె."

మహేశ్ బల్ల మీద కూర్చున్నాడు.

"నాలుగు దినాలు ఆగితే ఒప్పించేటోన్ని. చంద్రుని మీద నీడ చూపించేటోన్ని."

"ఏం ఒప్పిస్తవు? భూమి గుండ్రమని ఆయనకు ఎర్కలేదా?"

"మరి నాతోని ఎందుకు కొట్లాడిండు?"

"మొదటి దినం నువ్వు గ్లాసు పట్టుకొని వంతెన దిక్కే చూస్తున్నవు. గీ పిలగాన్ని ఎట్లనన్న మాటల పెట్టాలె అవ్వా అని నాతోని మెల్లగ అన్నడు."

మహేశ్ ముందు పెట్టిన చాయ చల్లారిపోయింది.

"నేను ఆయనకు ఏమైత?"

"నువ్వేం గావు కొడుకా" అంది శంకరవ్వ, బల్లను చూస్తూ. "ఆయన భీవండిల ఉన్నప్పుడు, ఆయన కొడుకు వంతెన మీదికి పోయే ముందు పొద్దందాక గీ బల్ల మీదనే కూసున్నడు, మేం ఎవలం పలుకరియ్యలె."